బిడ్డల చేతిలోని పుస్తకం: తల్లిదండ్రులకు అప్పగించబడిన అమానత్

మొదటి ఖుత్బా

మానవునికి పలుకును, కలమును, వివేచనను ప్రసాదించిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. చీకటిలోనున్న మానవాళికి జ్ఞానదీపమై వచ్చిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్.

ప్రియ ధార్మిక సోదరులారా! ఈ మాటలను ఇంటివద్ద చదువబోయే గౌరవనీయ సోదరీమణులారా!

ప్రతి సంవత్సరం జూన్ మాసంలో పాఠశాలలు తెరుచుకుంటాయి. వరంగల్, హనుమకొండ, కాజీపేటలలోని మన ఇళ్లలోకి కొత్త పుస్తకాలు వస్తాయి. వాటి వెంట కొన్ని ప్రశ్నలూ వస్తాయి. “హజ్రత్! మా అమ్మాయి తెలుగు వాచకంలో పోతన పద్యాలున్నాయి, కంఠస్థం చేయమన్నారు. చేయవచ్చునా?” “మా అబ్బాయి జీవశాస్త్రంలో పరిణామవాదం ఉన్నది. ఆ పాఠం మానివేయమని చెప్పనా?” “గ్రంథాలయం నుండి మాంత్రికుల కథల ఇంగ్లీషు నవల తెచ్చాడు. తీసుకొని దాచివేశాను. సరియేనా?” ఇవి తేలిక ప్రశ్నలు కావు. బిడ్డ ఈమాన్ గురించి భయపడే హృదయం నుండి వచ్చిన ప్రశ్నలు. ఆ భయం ప్రశంసనీయమే. తమను, తమ ఇంటివారిని నరకాగ్ని నుండి కాపాడుకొమ్మని విశ్వాసులకు అల్లాహ్ ‘తహ్రీమ్’ సూరాలో ఆజ్ఞాపించాడు. అయితే భయం ఒక్కటే మార్గదర్శి అయితే అది దారి తప్పించగలదు. కనుక ఈ విషయంలో ధర్మం ఏమి బోధిస్తున్నదో నేడు పరిశీలిద్దాం.

సోదరులారా! హిరా గుహలో అవతరించిన తొలి పదమే చదవమనే ఆజ్ఞ. అయితే ఆ ఆజ్ఞ ఒంటరిగా రాలేదు, సృష్టికర్త అయిన ప్రభువు నామంతో ముడిపడి వచ్చింది. చదువు వద్దనేవాడు ఆ ఆజ్ఞలోని మొదటి భాగాన్ని విడిచినవాడు. ఏదైనా, ఎలాగైనా చదువుకొమ్మని బిడ్డను వదిలివేసినవాడు రెండవ భాగాన్ని విడిచినవాడు.

దైవప్రవక్త (స) వారి ఆచరణ చూడండి. బద్ర్ యుద్ధంలో బందీలైనవారిలో అక్షరజ్ఞానం కలిగి, విమోచన ధనం ఇవ్వలేనివారు మదీనా పిల్లలకు వ్రాత నేర్పితే విడుదల చేయబడ్డారు. ఆ గురువులు ఎవరు? నిన్నటిదాకా ఖడ్గంతో ఎదురు నిలిచిన బహుదైవారాధకులు. అయినా వారి వద్దనున్న అక్షరం అపవిత్రం కాలేదు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) వారిని యూదుల లిపి నేర్చుకొమ్మని ప్రవక్త (స) ఆదేశించగా, ఆయన పక్షం రోజులు తిరగకముందే నేర్చుకొన్నారని తిర్మిజీ గ్రంథంలో ఉన్నది. మరొకవైపు, హజ్రత్ ఉమర్ (రజి) పూర్వగ్రంథపు ప్రతి ఒకటి తెచ్చి చదువగా ప్రవక్త (స) వారి ముఖంలో అప్రసన్నత కనిపించిందని ముస్నద్ అహ్మద్‌లోని ఉల్లేఖనం తెలుపుతున్నది. విద్యగా నేర్చుకొనడం వేరు. మార్గదర్శనం కొరకు ఆశ్రయించడం వేరు. ఈ రెండు ఘట్టాలనూ కలిపి చదివినవానికే నేటి మన ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

ఈ చింత మన ఒక్కరిదే కాదు సుమా! గ్రంథప్రజలైన యూదులలోని భక్తిపరులైన తల్లిదండ్రులు తరతరాలుగా ఇదే చింతలో ఉన్నారు. 1853లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సాంసన్ రాఫెల్ హిర్ష్ అనే రబ్బీ, తౌరాత్ విద్యనూ లౌకిక విద్యనూ ఒకే కప్పు క్రింద బోధించే పాఠశాలను స్థాపించాడు. మరోవైపు, నేటి బెలారస్‌లోని వోలోజిన్ పట్టణంలో సుప్రసిద్ధమైన వారి ధార్మిక విద్యాలయం, లౌకిక పాఠ్యాంశాల విషయమై రష్యా ప్రభుత్వం విధించిన నిబంధనల వివాదం నడుమ 1892లో మూతపడింది. మన తెలుగు నేలపైనే, గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిమ్ అని తమను పిలుచుకొనే కొద్ది కుటుంబాల తెలుగు యూదులు ఉన్నారు. మనకు అరబ్బీ ఎలాగో, తెలుగు మాట్లాడే వారికి హెబ్రూ అలాగ.

సరిగ్గా ఆ దశాబ్దాలలోనే మన పెద్దలూ ఇదే కూడలిలో నిలిచారు. 1866లో దేవబంద్ మదరసా, 1875లో అలీగఢ్ పాఠశాల వెలిశాయి. ఆ రెంటి నడుమ దూరాన్ని తగ్గించదలచి 1894లో నద్వతుల్ ఉలమా ఏర్పడింది. మన హైదరాబాదు రాజ్యంలో 1917లో అనువాద విభాగం ఏర్పడి, మరుసటి సంవత్సరం స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు ఇంగ్లీషులోని విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చింది. ఆ విద్యాలయంలో ముస్లిం విద్యార్థులకు దీనియాత్ తప్పనిసరి, ఇతరులకు నీతిశాస్త్రం. రసాయనశాస్త్రం చదివే యువకుడు ధర్మశాస్త్రమూ చదివాడు. ఒకటి మరొకదానికి శత్రువు కాలేదు.

ఇక అంతకు పూర్వపు ఉదాహరణ వినండి. అబ్బాసీయుల కాలంలో బగ్దాదు అనువాదకులు గ్రీకుల వైద్యం, గణితం, ఖగోళం, తర్కం అరబ్బీలోకి తెచ్చారు. కాని గ్రీకు దేవతల కథలు నిండిన నాటకాలను, ఇతిహాసాలను చాలావరకు ముట్టుకొనలేదు. ఆ గ్రంథాలయాలకు తలుపూ ఉన్నది, జల్లెడా ఉన్నది. మన భారతదేశపు పంచతంత్రం పహ్లవీ భాష మీదుగా ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతుల్లో ‘కలీలా వ దిమ్నా’గా మారి, శతాబ్దాలపాటు ముస్లింల ఇళ్లలో నీతికథలుగా చదువబడింది. కథ ఎవరిదని అడిగి ఆగిపోలేదు వారు. కథ ఏమి నేర్పుతున్నదని అడిగారు.

ప్రియ సోదరులారా! ఈ అంశంపై ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) వ్రాసినదానికన్న సూక్ష్మమైనది నేను చదువలేదు. ఆయన రెండు ప్రమాదాలను చూపారు.

మొదటిది ధర్మానికి అజ్ఞాని అయిన మిత్రుని వల్ల కలిగే ప్రమాదం. గ్రహణాల లెక్కను గణితంతో రుజువు చేసుకొన్నవానితో, “ఇది ధర్మానికి విరుద్ధం” అని ఒకడు చెబితే, అతడు తన లెక్కను అనుమానించడు, ధర్మాన్నే అనుమానిస్తాడు. దైవప్రవక్త (స) వారి పసికుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన దినాన సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే పట్టిందని ప్రజలు అనుకొన్నారు. పుత్రశోకంలో ఉన్న ఆ క్షణంలో సైతం ప్రవక్త (స) ఆ మాటను నిలువనీయలేదు. సూర్యచంద్రులకు ఎవరి మరణం వల్లా, ఎవరి పుట్టుక వల్లా గ్రహణం పట్టదని, అవి అల్లాహ్ సూచనలలోనివని ప్రకటించారు. సత్యానికి హాని చేసే పొగడ్త కూడా మన ధర్మానికి అక్కరలేదు.

రెండవది ఈతరాని బిడ్డను ఏటి ఒడ్డున వదలడం. పామును పట్టే నేర్పరి తన పసివాని ముందు పామును పట్టరాదని, వాడు అనుకరించి కాటుకు గురవుతాడని గజాలీ హెచ్చరించారు. ఆ నేర్పరియే పాము నుండి విషాన్ని వేరుచేసి ఔషధం గ్రహించి లోకానికి ఇవ్వవలసినవాడని కూడా వ్రాశారు. అంటే, పుస్తకం హలాలా, హరామా అని మాత్రమే అడిగితే సరిపోదు. ఎవరి చేతిలో, ఏ వయసులో, ఎవరి తోడుతో అని కూడా అడగాలి.

ఇప్పుడు మన ఇంటి ప్రశ్నలకు వద్దాం.

పోతన బమ్మెర మన పొరుగు. ఆయన భక్తి ఆయన విశ్వాసానికి చెందినది, మనది తౌహీద్. తెలుగు భాషను, ఛందస్సును నేర్చుకొనుటకు ఒక పద్యాన్ని పాఠంగా చదివి, దాని అర్థాన్ని పరీక్షలో వ్రాయడం ఆరాధన కాదు. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయి. ఆ తండ్రి బిడ్డకు చెప్పవలసినది: “అమ్మా, ఇది కవి తన దైవాన్ని పిలిచిన తీరు. మనం ఎవరిని పిలుస్తామో నీకు తెలుసు. వారి నమ్మకాన్ని ఎగతాళి చేయకు, నీ నమ్మకాన్ని విడువకు.” అన్యుల ఆరాధ్యులను దూషించరాదన్న ‘అన్ఆమ్’ సూరాలోని ఆజ్ఞ పాఠశాల తరగతి గదికీ వర్తిస్తుంది. పూజగా చేయమంటే మర్యాదతో నిరాకరించాలి. పాఠంగా చదవమంటే చదవాలి. తెలుగులోనికి దివ్య ఖుర్ఆన్‌ను తొలుత అనువదించినవారు చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితులని మరువవద్దు. మన వరంగల్ ప్రాంతపు చినగూడూరులో జన్మించిన దాశరథి కృష్ణమాచార్య గాలిబ్ ఉర్దూ కవితను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగువారికి అందించారు. వారు మన పుస్తకాలు తెరిచినప్పుడు, మనం భాష నేర్చుకొనుటకు వారి పుస్తకం తెరవడానికి వణకడమెందుకు?

పరిణామవాదం పాఠం చింపివేసే తండ్రి, అజ్ఞాని అయిన మిత్రుడు చేసిన పనినే చేస్తున్నాడు. ఆ పాఠంలో పరిశీలనలున్నాయి, వాటిపై కట్టిన సిద్ధాంతమున్నది, కొందరు దానిపై అదనంగా కట్టిన ‘సృష్టికర్త లేడు’ అనే వాదమున్నది. ఈ మూడింటినీ విడదీసి చూడటం బిడ్డకు నేర్పండి. చివరిది శాస్త్రం కాదు. పుస్తకంలో ఏమున్నదో పరీక్షలో అది వ్రాయనివ్వండి. మనసులో లేచిన ప్రశ్నను మీ వద్దకు, మీకు తెలియకపోతే ఆలిముల వద్దకు తేనివ్వండి. ప్రశ్న అడిగిన బిడ్డను కసరితే ప్రశ్న చావదు. మీ ఎదుట నోరు మూసుకొని ఫోనులో సమాధానం వెదుకుతుంది.

మాంత్రికుల కథలా? సిహ్ర్, అనగా చేతబడి, మహాపాపం. కథలోని మంత్రం కల్పితమని బిడ్డకు తెలుసునా, లేక నిజమని నమ్ముతున్నాడా అన్నది తల్లిదండ్రులే చూడాలి. పసివానికి వద్దు. తెలిసిన వయసువాడైతే మీరు కూడా ఆ పుస్తకం తెలుసుకొని, అతనితో కూర్చొని మాట్లాడండి. దొంగచాటుగా దాచిన పుస్తకం మరింత తీపి అవుతుంది.

అయితే మన ముందున్న నిజమైన ప్రమాదం మరొకటి. గ్రంథాలయపు పుస్తకాన్ని పది ప్రశ్నలు అడిగే తండ్రి, రాత్రి దుప్పటిక్రింద వెలిగే ఫోనును ఒక్క ప్రశ్న అడగడు. అట్టపై అరబ్బీ అక్షరాలుంటే చాలు, లోపల కల్పిత హదీసులున్నా, పొరుగువారిపై ద్వేషమున్నా నిశ్చింతగా బిడ్డ చేతికి ఇస్తాడు. ప్రవక్త (స) పేరిట బుద్ధిపూర్వకంగా అబద్ధం కల్పించినవానికి నరకంలో స్థానం హెచ్చరించబడింది. ఒక గణిత పుస్తకం మీ బిడ్డ ఈమాన్‌కు చేయలేని హాని, ధర్మం వేషం ధరించిన ఒక అబద్ధం చేయగలదు.

కనుక ప్రతి పుస్తకాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది అల్లాహ్ ఏకత్వాన్ని పరిహసిస్తున్నదా? పాపాన్ని అందంగా అలంకరించి సిగ్గును, అనగా హయాను, చెరుపుతున్నదా? ఏ మతం, ఏ కులం మనుషులనైనా ద్వేషించమంటున్నదా? నా బిడ్డ వయసుకు, బలానికి ఇది తగినదా? తగినవి ధారాళంగా ఇవ్వండి. సందేహమున్నవి తోడుగా కూర్చొని చదవండి. తగనివి కారణం చెప్పి పక్కన పెట్టండి. కారణం చెప్పడం మరువకండి. లుఖ్మాన్ (అలైహిస్సలాం) తన కుమారునికి ఉపదేశించినప్పుడు ముందు ప్రేమతో పిలిచారు, షిర్క్ వద్దన్నారు, అది ఎందుకు ఘోరమో కూడా చెప్పారు. ఆ తరువాతనే నమాజు, సహనం, వినయం బోధించారు. పునాది మొదట, గోడలు తరువాత. రోజుకు అరగంట ఖుర్ఆన్ అర్థంతో చదువని ఇంట్లో ఏ పుస్తకాల జాబితా కాపాడగలదు?

ఈ మాటలు విని, అల్లాహ్‌ను నా కొరకు, మీ కొరకు క్షమాభిక్ష వేడుకొంటున్నాను. మీరూ వేడుకొనండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. శాంతి, శుభాలు ఆయన ప్రవక్త (స) పై కలుగుగాక.

సోదరులారా! మీలో ప్రతి ఒక్కరూ కాపరియేనని, తన మంద గురించి ప్రశ్నింపబడతాడని ప్రవక్త (స) సెలవిచ్చినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. కాపరి ఏమి చేస్తాడో ఆలోచించండి. తోడేళ్ల భయంతో గొర్రెలను దొడ్డిలోనే కట్టివేస్తే అవి ఆకలితో చస్తాయి. తలుపు తీసి నిద్రపోతే తోడేళ్లకు ఆహారమవుతాయి. మంచి కాపరి ముందు నడుస్తాడు, పచ్చికను తాను చూస్తాడు, సాయంకాలం లెక్క పెట్టుకొని ఇంటికి తెస్తాడు.

“మాకు తెలుగు చదవరాదు, ఇంగ్లీషు రాదు, ఎలా చూస్తాం?” అని కొందరు అంటారు. బిడ్డనే బిగ్గరగా చదివి వినిపించమనండి. అది మీకు తెలిసే మార్గం, వానికి మీ సాన్నిహిత్యం. తల్లికి చదువు వస్తే ఆమె తీర్పును గౌరవించండి. కుమారునికి ఒక నియమం, కుమార్తెకు మరొకటి పెట్టకండి. జ్ఞానార్జన ఇద్దరికీ విధి. హనుమకొండలో 1904లో స్థాపితమైన రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం వంటి గ్రంథాలయాలు మన నగరంలో ఉన్నాయి. సెలవుదినాన బిడ్డ చేయి పట్టుకొని అటువంటి చోటికి వెళ్లండి. వాడు ఎన్నుకొనే పుస్తకాన్ని వానితోపాటు మీరూ తెరవండి.

ఒకనాడు మన బిడ్డలు మన కళ్లముందు ఉండరు. హైదరాబాదు హాస్టలులోనో, పరాయి దేశంలోనో, ఏ పుస్తకం చదవాలో తమకు తామే నిర్ణయించుకొంటారు. ఆనాడు వారికి తోడుండేది మనం దాచిన పుస్తకాలు కావు, మనం వారి హృదయంలో ఉంచిన గీటురాయి. మాటలన్నీ విని వాటిలో ఉత్తమమైనదానిని అనుసరించే దాసులకు ‘జుమర్’ సూరాలో అల్లాహ్ శుభవార్త ఇచ్చాడు. మన బిడ్డలను ఆ దాసులలో చేర్చడమే మన పని.

ఓ అల్లాహ్! మా జ్ఞానాన్ని వృద్ధి చేయుము. ప్రయోజనం లేని విద్య నుండి, భయపడని హృదయం నుండి మాకు రక్షణ కల్పించుము. మా సంతానాన్ని మా కనులకు చల్లదనంగా చేయుము. వారి చేతికి మేలైన పుస్తకాన్ని, వారి మనసుకు మేలైన తీర్పును ప్రసాదించుము. వారికి విద్య నేర్పే గురువులకు, వారు ఏ మతస్థులైనా, సన్మార్గాన్ని, ప్రతిఫలాన్ని అనుగ్రహించుము. మా నగరంలో శాంతిని నిలుపుము. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.

లేవండి, నమాజుకు వరుసలు సరిచేసుకొనండి.