సీసా మూత చెప్పే చరిత్ర

ఈరోజు పట్టాలు అందుకుంటున్న కళా విద్యార్థులారా, చదువు ముగిసిన వేళ మీలో చాలామందిని వేధించే సందేహం ఒకటుంది: కంచు, పాలరాయి కొనే స్తోమత లేనివాళ్లం శిల్పులం ఎలా అవుతాం? చేతికందిన వస్తువును ఎంత లోతుగా చదవగలమన్నదే శిల్పిని నిలబెడుతుందని నా వాదన. దానికి సాక్ష్యం శిల్పి ఎల్ అనాత్సుయ్ జీవితం.

1944లో ఘనాలోని అన్యాకోలో పుట్టిన ఆయన అదే దేశంలోని కుమాసిలో శిల్పం చదివారు. అక్కడ నేర్పినవి ఎక్కువగా యూరప్ పద్ధతులు. బయటికొచ్చాక సంతలో సరుకులు పేర్చే చెక్క పళ్లేలను తెచ్చి, కాల్చిన ఇనుముతో వాటిపై తన నేల గుర్తులు వేస్తూ రెండో చదువు మొదలుపెట్టారు. 1975లో నైజీరియాలోని న్సుక్కా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి, దశాబ్దాలపాటు అక్కడే ఉండిపోయారు. విరిగిన కుండలతో, మోటారు రంపంతో కోసిన చెక్కతో పనిచేశారు. 1990ల చివర్లో మద్యం సీసాల మూతలున్న సంచి ఒకటి ఆయనకు దొరికింది. ఆ అల్యూమినియం ముక్కలను సాగగొట్టి, మడిచి, రాగి తీగతో కలిపి కుడితే గోడనిండా మడతలు పడి వేలాడే లోహపు వస్త్రాలయ్యాయి. ఆయన తండ్రి కెంటే అనే ఘనా సంప్రదాయ బట్ట నేసినవారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గ విషయం.

చెత్తను అందంగా మార్చడం గొప్పేమిటని కొందరంటారు. కానీ ఒకప్పుడు యూరప్ వర్తకులు పశ్చిమాఫ్రికా తీరానికి మద్యం తెచ్చి సరుకులు కొన్నారు, చివరకు మనుషులనూ కొన్నారు. ఆ చరిత్ర అంటుకుని ఉన్న మూత చెప్పే మాట పాలరాయి చెప్పలేదు. కుట్టింది సహాయకులు కదా అన్నది మరో అభ్యంతరం. నిజమే, న్సుక్కా యువకులెందరో ఆ పనిలో ఉన్నారు. స్థపతి గీసిన గీత వెంట పదిమంది ఉలులు నడిచిన సంప్రదాయం మనది, ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. పడమటి మ్యూజియాలు మెచ్చాకే ఆయన గొప్పవారయ్యారన్న మాటకు కాలమే జవాబు. వెనిస్ బినాలే కళా ప్రదర్శన జీవితకాల సాఫల్యానికి బంగారు సింహం పురస్కారం ఇచ్చింది 2015లో. అప్పటికి ఆయన న్సుక్కా చేరి నలభై ఏళ్లు.

మీరు వెళ్లి స్థిరపడేది ఏ ఊరైనా సరే, అక్కడి జనం ఏది పారేస్తున్నారో చూడండి. అది ఎవరి చేతులు దాటి వచ్చిందో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాతే దానిమీద చెయ్యి వేయండి.