ఇంట్లో చేసిన సరుకుకు గిరాకీ



ఈ మధ్య కోరుట్లలో ఒక చెల్లె నన్ను పట్టుకుని అడిగింది: "అక్కా, నా సకినాలు మంచిగుంటయని అందరంటరు. మరి కొనేటోళ్ళేరి?" ఆ ప్రశ్నే ఈనాటి మన విషయం. దుకాణం అద్దెకు తీసుకోకుండా, ప్రకటనలకు డబ్బు పోయకుండా, ఇంట్లో చేసిన సరుకును అమ్ముకోవడం యెలా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆడవాళ్ళకు పని కొత్త కాదు. తెల్లవారి లేస్తే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు యెందరో వున్నారు. ఆ పనిలో ఒక సుఖం వున్నది, ఒక నష్టమూ వున్నది. ఆకు, తంబాకు వాళ్ళే ఇస్తారు. చుట్టి, కట్టలు కట్టి అప్పగిస్తే వెయ్యికి ఇంత అని కూలి. ఆ బీడీ యెవరు కొంటారో మనకు అక్కరలేదు, కాని ధర చెప్పే హక్కు కూడా మనకు లేదు. సిరిసిల్లలో ఇంట్లో కూర్చుని లంగాలు కుట్టే వాళ్ళ సంగతీ ఇంచుమించు ఇంతే. గుడ్డ సేటు ఇస్తాడు, కుట్టుకూలి సేటు చెప్తాడు. ఇన్నేళ్ళూ ఇలా అలవాటైపోయింది గనుక, సొంతంగా ఏదైనా చేసి అమ్మాలనేసరికి మనకు ధర చెప్పడానికి నోరు రాదు.

నాకూ రాలేదు. మొదటిసారి అమ్మిన సంక్రాంతికి బియ్యం, నువ్వులు, వాము, నూనె, గ్యాసు అన్నీ లెక్క వేసుకుని, పైన కిలోకు ఇరవై రూపాయలు కలిపి, అదే లాభమని మురిసిపోయాను. రాత్రి పన్నెండు దాకా కూర్చుని, బట్ట మీద పిండిని వేళ్ళతో సుట్లు సుట్లుగా తిప్పిన నా కూలి అందులో లేనే లేదు. మా అత్తమ్మ చదువుకోలేదు గాని లెక్క ఆమెదే. "గంతసేపు బీడీలు చేస్తె ఎంతొస్తుండె? గంతన్న రావద్దా?" అన్నది. అప్పటినుంచి అదే నా కొలత. మీరు కూడా పనికి కూర్చున్నప్పుడు గడియారం చూసి రాసుకోండి. అన్ని గంటలకు బీడీల్లో యెంత వచ్చేదో, కనీసం అంత సరుకు ధరలో కలపండి. "ఏందమ్మా, గింత పిరమా?" అంటారు. అననివ్వండి. ఒకసారి అగ్గువకు ఇచ్చామా, మరుసటి యేడు కూడా అదే ధర అడుగుతారు.

ఆ యేడే ఇంకొక దెబ్బ కూడా తిన్నాను. ఒక దుకాణదారుకు పదిహేను కిలోలు ఉద్దెర ఇచ్చాను. పండుగ వెళ్ళిన తరువాత సగం డబ్బు, మిగతాదానికి విరిగిన ముక్కల సంచి చేతికి వచ్చాయి. తప్పు ఆయనదే అని ఇప్పటికీ అనుకుంటాను. కాని కాగితం మీద ఒక్క ముక్క రాసుకోకుండా ఇచ్చింది మాత్రం నేనే కదా!

ఆ ముక్కలు పారవేయడానికి మనసొప్పలేదు. చిన్న చిన్న పొట్లాలు కట్టి, మహిళా సంఘం సమావేశానికి వచ్చిన వాళ్ళకు, మా వీధిలో చీరలకు ఫాలు, పీకో వేసే వదినె దగ్గరికి వచ్చేవాళ్ళకు రుచి చూడమని పంచాను. పొట్లంలో నా పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టాను. వారం తిరగకుండా యేడు ఆర్డర్లు వచ్చాయి. నేను చేసిన ప్రకటన అంతే. విరగని సకినం వుండదు గనుక, ఇప్పటికీ ముక్కలు వేరుగా డబ్బాలో వేసి వుంచుతాను.

ఆ వదినె సంగతి చెప్పాను గనుక లంగాలు కుట్టేవాళ్ళకు ఒక మాట. కొత్త చీర యెవరు కొన్నారో, ఏ రంగు కొన్నారో అందరికంటే ముందు తెలిసేది ఫాలు కుట్టే ఆమెకే. ఆమె దగ్గర పది రంగుల్లో పది లంగాలు పెట్టి, అమ్మినదానికి ఇంత అని కమీషన్ ఇవ్వండి. డజన్లు కొనే సేటు ఇచ్చేదానికంటే మీకు మిగులుతుంది.

ఇక గల్ఫ్ సంగతి. మన దగ్గరినుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్ళు యెందరో. సెలవు మీద వచ్చినవాడు తిరిగి పోయేటప్పుడు సంచిలో సకినాలు, మామిడికాయ తొక్కు పోవలసిందే. వాటిని కొనేది వాడు కాదు, వాడి తల్లి, భార్య. విమానం యే రోజో వాళ్ళను ముందే అడిగి పెట్టుకోండి. గట్టి అట్టపెట్టెలో సకినాలు ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి, వరుస వరుసకూ కాగితం వేసి, పక్కల సందులు నింపాలి. అంత దూరం పోయి పొడి అయితే మన పేరు కూడా పొడే. పైన చీటీ మరువకండి. అక్కడ ఒకే గదిలో వుండేవాళ్ళలో ఒకరిది రాయికల్, ఇంకొకరిది మెట్‌పల్లి, మరొకరిది వేములవాడ. ఆ చీటీ ఫొటో అక్కడినుంచి వాళ్ళ ఇళ్ళకు చేరుతుంది.

ఫోన్లో వాట్సాప్ స్టేటస్ పెట్టడం మీ పిల్లలే నేర్పుతారు. అందులో మీ ముఖం కంటే సరుకు, ధర, తేదీ కనబడాలి.

తినే సరుకు అమ్మేవాళ్ళు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 2011 నిబంధనల్లో యేడాదికి 12 లక్షల లోపు అమ్మకం వున్న చిన్నవాళ్ళకు దాని ఫీజు యేడాదికి 100 రూపాయలే పెట్టారు. ఆ 14 అంకెల నంబరు పొట్లం మీద వుంటే తెలియనివాళ్ళు కూడా ధైర్యంగా కొంటారు.

ఆర్డర్లు బాగా వస్తున్నప్పుడు ఒక్కరినే నమ్ముకునే ఆశ పుడుతుంది. సిరిసిల్ల వైపు చూడండి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చాక మరమగ్గాలకు చేతినిండా పని దొరికింది. 2023 తరువాత ఆ చీరలు ఆగిపోయాయి. మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చేదాకా యెన్నో ఇళ్ళు ఇబ్బంది పడ్డాయి. ఆ సిరిసిల్లలోనే చేనేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని తన మగ్గం మీద నేసి ప్రధానమంత్రికి పంపాడు. 2022 నవంబరులో "మన్ కీ బాత్"లో ఆ సంగతి దేశమంతా విన్నది. ఒక్క గుడ్డముక్క చేసిన పని అది! మనం ఢిల్లీకి పంపనక్కరలేదు. పెళ్ళి పెట్టుకున్న ఇంటికి ఒక పావుకిలో పంపితే చాలు.

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. ఆ వారంలోనే నోటు పుస్తకం తెరిచి పేరు, కిలోలు, ఇచ్చిన బయానా, తీసుకుపోయే తేదీ రాసుకోండి. బయానా ఇవ్వనివాళ్ళను చివరి వరుసలో రాయండి, చుట్టాలైనా సరే. జనవరి 10 దాటిన తరువాత కొత్త ఆర్డరు ఒప్పుకోకండి. అప్పటికి మన ఇంటి సకినాలు కూడా మనమే చేసుకోవాలి మరి.