పంటి సొగసు - వైద్యుని చదువు

దంతవైద్యుడనగా పిప్పిపంటిని పెరికివేయువాడని తలచు కాలము చాలవరకు గతించినది. నేడు మావద్దకు వచ్చువారిలో పలువురు నొప్పికొరకు రారు. పెండ్లిచూపులనాటికి పలువరుస తెల్లబడవలెననియు, ఆటలో విరిగిన ముందుపన్ను అతుకు తెలియకుండ బాగుపడవలెననియు, నల్లని పూడికను తీసి పంటిరంగు పూడిక పెట్టవలెననియు కోరి వచ్చుచున్నారు. ఈ కోరికలను తప్పుపట్టుటకు వీలులేదు. నవ్వు వచ్చినప్పుడెల్ల చేయి అడ్డము పెట్టుకొను మనుష్యుడు నలుగురిలో మెలగుటకు జంకును. ఆ జంకును పోగొట్టుటయు వైద్యమే. కాని చెడిన పంటిని బాగుచేయుటలోను, పంటికి సొగసు కూర్చుటలోను కళాశాలలో నేర్చిన విద్య వైద్యునికి జీవితకాలము చాలదు. ఆ కొరత వలన కలుగు నష్టము వైద్యునిది కాదు, రోగిది.

దీనికి కారణము పంటి స్వభావములోనే యున్నది. విరిగిన ఎముక అతుకుకొనును; తెగిన చర్మము మానును. పంటిపై నుండు పింగాణి పొర, అనగా ఎనామిల్, అట్టిది కాదు. దానిని నిర్మించిన కణములు పన్ను చిగురు చీల్చుకొని పైకి వచ్చునప్పటికే నశించును. కావున ఒకసారి అరగదీసిన పింగాణి మరల పుట్టదు. పూడిక ఊడిన ప్రతిసారియు గుంట కొంత పెద్దదగును. పెద్ద గుంటకు తొడుగు, తొడుగు క్రింద చెడిన పంటికి వేరు చికిత్స, అదియు విఫలమైనచో పంటిని తీయుట - ఈ మెట్లు క్రిందికే గాని పైకి పోవు. మొదటి మెట్టుపై ఎంత తక్కువ కోసినచో పంటికి అంత ఆయుస్సు.

ఆ "తక్కువ" యెంత యన్నది కాలముతో మారినది. అమెరికాలో జి. వి. బ్లాక్ అను మహనీయుడు 1908లో పంటి పూడికల విద్యపై గొప్ప గ్రంథము వెలువరించెను. ఆ కాలమున పాదరసము, వెండి కలిపిన ముద్ద పంటికి అంటుకొనెడిది కాదు. అది జారిపోకుండుటకు గుంటను లోపల వెడల్పుగా పెట్టెవలె తొలువవలసి వచ్చెడిది. పిప్పి మరల రాకుండుటకై ప్రక్కనున్న మంచి భాగమును గూడ కొంత తీయవలెనని ఆయన బోధించెను. నాటి సాధనములకు అది సరియైన నియమమే.

1955లో మైకేల్ బ్యునొకోర్ అను పరిశోధకుడు పింగాణిపై కొద్ది సెకనులు ఫాస్ఫారిక్ ఆమ్లము పూసి కడిగినచో, ప్లాస్టిక్ వంటి రెసిను దానికి గట్టిగా పట్టునని చూపెను. ఆమ్లము పింగాణిలో కంటికి కానరాని రంధ్రములు చేయును. వానిలోనికి రెసిను ప్రవహించి గట్టిపడును. 1962లో రాఫేల్ బోవెన్ అంతకంటె దృఢమైన రెసినునకు పేటెంటు పొందెను. పూడిక పంటికి అంటుకొన్న తరువాత పెట్టెవంటి గుంటతో పనిలేదు. చెడినంతమట్టుకు తీసిన చాలును. కాని పాత నియమమును మాత్రమే నేర్చి, తరువాత గ్రంథము విప్పని వైద్యుడు మంచి పంటిని తొలుచుచునే యుండును. ఆయన చేయి నేర్పుగలదే. నేర్చిన పాఠము పాతది.

బ్లాక్ మహాశయుడు అట్టివాడు కాడు. 1909లో, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, కొలరాడోలో జనుల పండ్లపై గోధుమరంగు మచ్చలున్నవని విని అచటికి పోయి, ఫ్రెడరిక్ మెకే అను చిన్నవాని తోడ 1915లో తాను మరణించువరకు ఆ వింతను పరిశోధించెను. కారణము 1931లో గాని తేలలేదు: అది త్రాగునీటిలోని ఫ్లోరైడు.

ఆ మచ్చలు తెలుగువారికి క్రొత్తవి కావు. నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడుట అందరెరిగినదే. పింగాణి తయారగు బాల్యములో, రమారమి ఎనిమిదేండ్లలోపు, త్రాగిన నీరు పంటిపై జీవితాంతము గురుతు నిలుపును. తరువాత నదీజలము ఇంటికి వచ్చినను ఉన్న మచ్చ పోదు. అట్టి యువతి పెండ్లికి ముందు వైద్యుని యొద్దకు వచ్చినదనుకొందము. ముందుపండ్లన్నిటిని అరగదీసి తొడుగులు వేయుట ఒక మార్గము. 2002లో ప్రకటితమైన కొలతలను బట్టి, పూర్తి తొడుగునకై పంటి పైభాగములో నూటికి 63 నుండి 72 వంతులు పోవును. పలుచని పింగాణి రేకు అతికించుటకు పోవునది 3 నుండి 30 వంతులు. అదియు అవసరము లేకపోవచ్చును. మచ్చ పైపైనున్నచో స్వల్పముగా ఆమ్లముతో రుద్ది తీయుట, మందుతో తెల్లబరచుట, పలుచని రెసినును పింగాణిలోనికి ఇంకించుట మొదలగు పద్ధతులు కలవు. తీవ్రమైన మచ్చలకు ఇవి చాలవు. అప్పుడే రేకు, చివరకు తొడుగు. ఈ క్రమము నెరుగని వైద్యుడు చివరి మెట్టునుండి ఆరంభించును. ఇరువదియేండ్ల పిల్లకు అది తిరిగి దిద్దరాని పని.

అనుభవమే గురువని కొందరందురు. ఈ విద్యలో ఆ గురువు చాల ఆలస్యముగా వచ్చును. పింగాణిని అతికించుటకు ముందు పొడిగా ఆరబెట్టవలెను. దాని క్రిందనున్న డెంటిన్ అను భాగమును ఆమ్లముతో కడిగిన తరువాత ఎక్కువ ఆరబెట్టినచో అందలి సన్నని నారలు కుంగి రెసినును లోనికి రానీయవు. 1982లో నకబయాషి అను జపాను శాస్త్రజ్ఞుడు ఆ నారలును రెసినును పెనవేసుకొన్న పొరను కనుగొన్న పిమ్మట గాని ఈ అతుకు మర్మము తెలియలేదు. లాలాజలము కొంచెము తగిలినను అతుకు చెడును. అయినను ఆ పూడిక ఆ దినమున ముత్యమువలె మెరయును. రెండేండ్లకో మూడేండ్లకో అంచు నల్లబడును. అప్పటికి రోగి మరియొక ఊరిలో మరియొక వైద్యుని చూచుకొనును. మొదటివానికి తన లోపము తెలియనే తెలియదు. కావుననే పండ్ల నమూనాలపైనను, తీసివేసిన పండ్లపైనను మరల చేయిపెట్టి అభ్యసించుట, తాను చేసిన పనిని ఏండ్ల తరబడి ఛాయాచిత్రములతో పరీక్షించుకొనుట, దానిని తోడి వైద్యులకు చూపుట వైద్యునికి అవసరము.

ఈ అవసరమును ప్రభుత్వములును గుర్తించినవి. బ్రిటనులో దంతవైద్యుడు ఐదేండ్లలో కనీసము నూరు గంటల శిక్షణ పొందినట్లు రుజువు చూపవలెను. మన దేశమునను దంతవైద్య మండలి 2018లో నిరంతర విద్యకు నియమావళి ప్రకటించెను. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి 1 నుండి పాదరసపు ముద్ద వాడుక, కొన్ని ప్రత్యేక సందర్భములు తప్ప, నిలిచిపోయినది. అంటించు పూడికల నేర్పు ఇకమీదట మరింత ముఖ్యమగును. కాని గంటలు లెక్కించినంత మాత్రమున విద్య రాదు. సరకు అమ్ముకొనువారే పాఠము చెప్పినప్పుడు, ఆ సరకు ఎప్పుడు వాడవలెనో చెప్పుదురు గాని, ఎప్పుడు వాడరాదో చెప్పుట అరుదు. చేయకుండుటను నేర్పు పాఠమే మాకు మేలైన పాఠము.

వినువారు శాస్త్రము చదువనక్కరలేదు. పంటి సొగసుకై పోయినప్పుడు వైద్యుని మూడు ప్రశ్నలడుగవచ్చును. నా పంటిలో ఎంత భాగము తీయవలసియున్నది? ఇంతకంటె తక్కువ తీసి చేయు మార్గము కలదా? ఇది చెడినప్పుడు తరువాత ఏమి చేయవలెను? ఈ ప్రశ్నలకు మంచి వైద్యుడు కోపగించుకొనడు. తాపీగా కూర్చుండి చెప్పును. తెలియని సంగతియైనచో తెలిసినవారి యొద్దకు పంపును. అట్లు పంపువానిని చదువు తక్కువవాడని తలపరాదు. ఇంకను చదువుకొనుచున్నవాడని తెలియవలెను.