యుద్ధకాలమున రేడియో వినోదము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకై హైదరాబాదు పాతబస్తీనుండి నన్ను పిలిపించిన మీ ఆదరమునకు నా కృతజ్ఞతలు.

గ్రంథాలయమున్న ప్రతి ఊరిలోను ఒక వివాదము వినవచ్చుచుండును. హాస్యకథలు, నవలలు, పాటలు విజ్ఞానమందిరమునకు తగునా యని కొందరందురు. అవి లేనిచో గడప త్రొక్కువారెవరని మరికొందరందురు. ఇట్టి వివాదమే ఎనుబది యేండ్లకు పూర్వము, బాంబుల నడుమ, రేడియోవారికి కలిగెను. ఆ చరిత్ర మనకు పనికివచ్చునని తలచి దానినే నేటి విషయముగా గ్రహించితిని.

1939 సెప్టెంబరు 3న బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. వెంటనే అచట నాటకశాలలు, సినిమాహాళ్ళు కొన్నాళ్ళు మూతపడెను. ప్రజలకు మిగిలిన వినోదము ఇంటిలోని రేడియో యొక్కటియే. బి.బి.సి. మొదటి వారములలో ప్రకటనలను, వార్తలను, ఒకే విద్వాంసుని ఆర్గన్ వాద్యమును పదే పదే వినిపింపగా శ్రోతలు విసిగిరి. భయములోనున్న మనిషికి ఆజ్ఞలు మాత్రమే చాలవని సంస్థవారు త్వరలోనే గ్రహించిరి.

అప్పుడు జనులను ఆకర్షించినది టామీ హాండ్లీ హాస్యకార్యక్రమము. దాని పేరునకు 'మళ్ళీ ఆ మనిషే' యని అర్థము. అందులో హాండ్లీ 'చిరాకుల, రహస్యముల శాఖ'కు మంత్రి! యుద్ధకాలమున పెరిగిన సర్కారు కచేరీలను, వాటి నిబంధనలను అతడు పరిహసించుచుండగా దేశమంతయు నవ్వెను. బాంబుల భయముచే 1941లో వినోదశాఖ వేల్సులోని బాంగరు పట్టణమునకు తరలిపోయినను ఆ నవ్వు ఆగలేదు. తమ కష్టమును పరిహసించుటకు అనుమతించిన రేడియోను జనులు తమదిగా భావించిరి.

1940 జూన్ 23న కర్మాగారములలో పనిచేయువారికై 'పని చేయుచు సంగీతము' అను కార్యక్రమము ప్రారంభమాయెను. పూటకొక అరగంట, ఆగక సాగు లయ. మన నాట్లపాటలకు, రోకటిపాటలకు ఉన్న ధర్మమే దానికిని గలదు. అందును ఒక చిక్కు వచ్చెను. చప్పట్లు కొట్టించు ఒక అమెరికా పాటను పనివేళలలో వినిపింపరాదని 1942లో నిషేధించిరి. ఏలయనగా పనివారు చేతిలోని పనిముట్లు విడిచి తాళము వేయుదురని శంక!

ఇక వీరా లిన్ అను గాయని వీడుకోలు పాటలు, పునస్సమాగమపు పాటలు పాడెడిది. మెత్తని పాటలు సిపాయి గుండెను మెత్తపరచునని పెద్దలు కొందరు ఆక్షేపించిరి. సిపాయిలు మాత్రము ఆమె పాటనే కోరిరి. 1944లో ఆమె బర్మా రణరంగమునకే పోయి వారికి పాడి వచ్చెను. కన్నీరు పెట్టినవాడు పిరికివాడు కాడని పెద్దలకు తెలియుటకు కొంత కాలము పట్టినది.

ఈ యుద్ధము మన సంస్థానమునకు దూరమైనది కాదు. నిజాము ధనసహాయము పొందిన బ్రిటిషు విమానదళమొకటి, 152వది, 'హైదరాబాదు' పేరనే ఆకాశమున పోరాడెను. నగరమున డెక్కన్ రేడియో అప్పటికే ఉండెను. 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో అది ప్రసారములు ప్రారంభించెను. మూసీకి ఉత్తరమున పలికిన మాట దక్షిణమున చార్మినారు బజారులలో వినబడుచుండెను. రేడియో కొనుటకు ధనము, ఉంచుకొనుటకు లైసెన్సు కావలసిన కాలమది. కావున పెట్టె యొక్కటి, శ్రోతలు పలువురు.

ఆ పెట్టెకు పెక్కు గొంతులు పోటీపడెను. లండనునుండి హిందుస్తానీ ప్రసారములు 1940 మే 11న మొదలాయెను. నటుడు బల్‌రాజ్ సాహ్నీ యుద్ధకాలమున అచట పనిచేసెను. 1942లో జర్మనీనుండి సుభాస్ చంద్రబోసు ఆజాద్ హింద్ రేడియో వినవచ్చెను. అదే సంవత్సరము బొంబాయిలో ఉషా మెహతా ప్రభృతులు రహస్యముగా కాంగ్రెసు రేడియో నడిపి పట్టుబడిరి. ఆ రహస్య ప్రసారమును పాటతోనే ఆరంభించి పాటతోనే ముగించెడివారు. కాని పాట శ్రోతను పిలువగలదే గాని నమ్మింపజాలదు. నమ్మకము సత్యమువలన వచ్చును. స్వాతంత్ర్యము నిరాకరించినవారి గీతములు ఎంత మధురమైనను మన ప్రజలు ఆ మాధుర్యమునకు లొంగలేదు.

పాతబస్తీ సిటీ కాలేజీలో పాఠములు చెప్పిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ సిపాయిని గూర్చి ఒక కవిత వ్రాసెను. అది 1960లో 'ఉస్నే కహా థా' హిందీ చిత్రమున పాటయై దేశమంతట వినిపించెను. పోవుచున్న సిపాయి వెనుక మిగులు దుఃఖమే దాని విషయము. అది కూడ పాటయే. కాని శత్రువును తిట్టదు, గెలుపును పొగడదు. వినోదమను పెట్టెలో ఇంతటి సత్యము ఇమిడియుండగలదు.

ఇక భాష మాట. బి.బి.సి. 1941లో తమిళమున పలుకనారంభించెను. తెలుగు విభాగము 2017 అక్టోబరు 2న గాని రాలేదు. సంస్థానమున రాజభాష ఉర్దూ అగుటచే డెక్కన్ రేడియోలో సింహభాగము దానిదే. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము ఆకాశవాణిలో కలిసెను. అంతకు పూర్వము తెలుగువాని దాహమును తీర్చినవి గ్రంథాలయములు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వాటికి పెద్దక్క. మీ గ్రంథాలయము ఆ కుటుంబములోనిదే.

సోదరులారా! పొలమునుండి అలసి వచ్చినవాడు హాస్యకథ నడిగిన తప్పు పట్టకుడు. పగలెల్ల బరువు మోసినవానికి సాయంకాలము బరువైన గ్రంథమే ఈయవలెనని పట్టు పట్టుట ధర్మము కాదు. అతడు నవ్విన పుస్తకము ప్రక్కనే, అతనికి అందునట్లు, చరిత్రను, వైద్యమును, వ్యవసాయమును ఉంచుడు. నేడు కథ కొరకు వచ్చిన చేయి రేపు వాటిని తీయును. తీయకున్నను, ఒక మనిషి సేదదీరి ఇంటికి పోయెను గదా! అదియు గ్రంథాలయము చేయదగిన పనియే.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును ఇంతకు మించిన పాఠకులతో జరుపుకొనుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.