పొగగొట్టము, పరుపు, పళ్లెము

చరిత్ర యనగానే మనకు రాజులు, యుద్ధములు, సంధిపత్రములు స్ఫురించును. కాని రాజు యుద్ధమునకు బయలుదేరిన నాడు కూడ ప్రజల యిండ్లలో పొయ్యి రాజవలెను గదా! ఆ పొయ్యి యెట్టిది, దాని చుట్టు చేరినవారు దేనిపై కూర్చుండిరి, దేనిలో భుజించిరి? 16, 17వ శతాబ్దుల ఇంగ్లండును గూర్చి యీ ప్రశ్నలకు సమాధానములు దొరకుచున్నవి.

ఎసెక్సు మండలమున రాడ్వింటరు గ్రామములో మతాచార్యుడుగా నుండిన విలియం హారిసన్ తన దేశమును వర్ణించుచు నొక గ్రంథము రచించెను. అది 1577లో వెలువడి, 1587లో పెంపొందించి మరల ముద్రింపబడినది. తమ కాలములో మూడు విషయములు వింతగా మారినవని గ్రామ వృద్ధులు చెప్పుకొనుచుండిరని ఆయన వ్రాసెను.

మొదటిది పొగగొట్టము. వారి బాల్యమున చాల ఊళ్లలో రెండు మూడిండ్లకు మించి పొగగొట్టము లుండెడివి కావు. నడియింట మంట వేసికొని ఆ పొగలోనే భుజించెడివారు. గొట్టము వచ్చి పొగ పైకి పోయిన పిదప, నడియింటి మీద మేడ గది కట్టుటకు వీలు కలిగినది. రెండవది పడక. పూర్వము గడ్డి పరుపుపై పరుండి, తలక్రింద కొయ్య మొద్దు పెట్టుకొనెడివారట! తలగడ బాలింతలకు మాత్రమే తగినదని వారి భావము. మూడవది పళ్లెము. కొయ్య పళ్లెములు పోయి ప్యూటర్ అను తగరపు మిశ్రలోహముతో చేసినవి వచ్చినవి.

ఇట్టి వస్తువుల వివరము తెలియుటకు మరియొక యాధారము కలదు. 1529 నాటి శాసనము ననుసరించి, మరణించినవాని సొత్తునకు జాబితా వ్రాయవలసియుండెను. పొరుగువారు కొందరు వచ్చి, గది వెంట గది తిరిగి, కాగులు, దుప్పట్లు, బల్లలు, రాట్నము, పెరటిలోని కోళ్లు సైతము లెక్కించి వెల కట్టెడివారు. తరచుగా ఇంటి సామానులో ఎక్కువ వెల పలికినది పడకయే. 1616లో షేక్స్పియరు తన మరణశాసనమున భార్యకు రెండవ తరగతి మంచము నిచ్చెనన్న సంగతిని ఈ దృష్టితో చూచిన బాగుండును.

అయితే ఈ జాబితాలు అందరి గాథ చెప్పవు. భర్త జీవించియుండగా, ఇల్లాలు నిత్యము తోమి తుడిచిన పాత్రలు చట్టము దృష్టిలో భర్తవే. ఆమె ముందుగా మరణించినచో సాధారణముగా జాబితా యే లేదు. కటిక పేదల కుటీరమునకు వెల కట్టువారు అరుదు. వంటింటి కొవ్వులో ముంచిన తుంగపుల్లను ఇనుప పట్టుకారులో బిగించి వెలిగించుకొని, సుమారు అరగంట వెలుతురులో ఆ స్త్రీ ఎన్ని బట్టలు కుట్టెనో ఏ గుమాస్తా వ్రాయలేదు.

సుఖ మిచ్చిన వస్తువే పన్నునకు మార్గ మయ్యెను. 1662లో ప్రభుత్వము ఒక్కొక్క పొయ్యికి సంవత్సరమునకు 2 షిల్లింగుల పన్ను విధించెను. నిరుపేదలకు మినహాయింపు కలదు గాని, పొయ్యిలు లెక్కించుటకు అధికారులు ఇల్లు చొచ్చుట ప్రజలకు మిక్కిలి రోతయయ్యెను. 1689లో ఆ పన్ను రద్దయినది.

ఈ గాథలో మన తీరమునకును చోటు కలదు. 1611లో ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. కోరమండల తీరపు అద్దకపు నూలుబట్టలు ఓడలకెక్కి లండను చేరెను. దినచర్య రచించి ప్రఖ్యాతి గాంచిన సామ్యుయెల్ పెపిస్ 1663లో తన భార్య గది గోడలను అలంకరించుటకు హిందూదేశపు అద్దకపు బట్టను కొనెను. తుదకు అచటి ఉన్ని, పట్టు నేతవారు తమ జీవనము పోవుచున్నదని మొరపెట్టగా, 1721లో పార్లమెంటు అట్టి బట్టల వాడుకను చాలవరకు నిషేధించెను. ఇచటి అద్దకమువాడును, అచటి నేతగాడును ఒకరినొకరు ఎన్నడును చూచియుండరు.

హారిసన్ గ్రంథములోని వృద్ధులు మూడు సుఖములతో విరమింపలేదు. మూడు కష్టములను కూడ పేర్కొనిరి: పెరిగిన కౌళ్లు, ఆచారము ననుసరించి భూమి సాగు చేసికొను రైతులపై ఒత్తిడి, వడ్డీ వ్యాపారము. తగరపు పళ్లెమును చూచి మురిసినవారే, అందులోని అన్నమునకు ఎంత చెల్లింపవలసి వచ్చుచున్నదో కూడ గమనించిరి. ఒక కాలమువారు సుఖపడిరా యని విచారించునప్పుడు ఆ పెద్దలవలె రెండు లెక్కలును చూచుట మనకును మేలు.