పడవను భద్రపరచుట

తుపాను దినములలో రేడియో నుండి రెండు వాక్యములు వినబడుచుండును. జాలరులు వేటకు పోరాదనునది మొదటిది. తీరమునందలి పడవలను భద్రపరచుకొనవలెననునది రెండవది. సముద్రమునకు ఎన్నో ఆమడల దూరమున, పరిగిలోనో తాండూరులోనో రేడియో ముందు కూర్చున్న వారికి మొదటి వాక్యము సులభముగా అర్థమగును. రెండవ దానిని మాత్రము విని విననట్లు వదలివేయుదుము. పడవను భద్రపరచుట యనగా గుంజకు త్రాడు కట్టుటయే కదా అని తోచును. కాని ఆ ఒక్క మాటలో ఒక విద్యయే ఇమిడియున్నది. ఒక కుటుంబపు జీవనమంతయు, తరచుగా ఆ కుటుంబపు అప్పంతయు, ఆ త్రాటి చివరనే ఉండును.

కొండప్రాంతము వారమగు మనకు సముద్రముతో పని లేదనుకొనుట సరికాదు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీయు, తాండూరు ప్రక్కగా పారి భీమలో కలియు కాగ్నాయు, రెండును తుదకు కృష్ణ నీరై సాగరమును చేరుచున్నవి. ఆ కృష్ణ సముద్రమున కలియు దివిసీమపైననే 1977 నవంబరు 19న ఉప్పెన విరుచుకొని పడినది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు పల్లెలను ముంచివేసినది. వేల ప్రాణములు పోయినవి. అట్టి నీటి ముందు ఏ ముడియు నిలువదు. అయితే ఉప్పెన ఏటేట రాదు, గాలివాన వచ్చును. గాలివానలో పడవ దక్కుటయు పోవుటయు చాలవరకు దానిని కట్టిన వాని నేర్పుపై ఆధారపడియుండును.

మొదట త్రాటి పొడవు సంగతి చూతము. లంగరు తన బరువుచేతనే పడవను నిలుపునని చాలమంది అనుకొందురు. పూర్వకాలపు రాతి లంగరుల విషయమున అది కొంత నిజమే. నేటి ఇనుప లంగరునకు మట్టిలో గ్రుచ్చుకొను కొక్కెమే ప్రాణము. లాగుడు నేల వెంబడి అడ్డముగా సాగినంతసేపు ఆ కొక్కెము మరింత లోతునకు దిగును. పైకి లాగినచో ఊడివచ్చును. కనుక మోకును ధారాళముగా వదలవలెను. నీటి లోతునకు 5 మొదలు 7 రెట్లు వదలుట నావికులు పాటించు లెక్క. 10 అడుగుల నీటిలో 50 నుండి 70 అడుగుల మోకు కావలెనన్నమాట. ఆ లోతు కూడ పోటు వచ్చినప్పటిది కావలెను. రేవు గుంజకు కట్టునపుడును ఈ సూత్రమే వర్తించును. నీరు తీసినవేళ బిగించి కట్టిన పడవను, నీరు పెరుగునపుడు ఆ త్రాడే క్రిందికి పట్టి యుంచును. అప్పుడు త్రాడైనను తెగవలెను, పడవయైనను మునుగవలెను.

రెండవ శత్రువు ఒరపిడి. పడవ అంచున ఒకే చోట రాత్రియంతయు ఒరసికొని, మంచి మోకు కూడ తెల్లవారుసరికి పోగులుగా విడిపోవును. ఆ చోట ఒక తోలుముక్కనో, పాత గోనెపట్టనో చుట్టినచో మోకు దక్కును. ఏ విలువయు లేని గోనెముక్క లక్షల విలువగల పడవను కాపాడుట ఇట్లే. ఇనుప గొలుసు వాడువారు అది త్రెగదను ధీమాతో ఉందురు. ఉప్పునీటిలో దాని లంకెలు లోలోపల అరిగిపోవుచుండును. నీటి అడుగున ఉన్నదానిని కూడ అప్పుడప్పుడు పైకి తీసి చూడని వాడు, ఉన్నదో లేదో తెలియని గొలుసును నమ్ముకొన్నవాడగును.

ఇక ఇరుగు పొరుగు సంగతి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్టణపు చేపల రేవులో అగ్నిప్రమాదము జరిగినది. పడవలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నవి; వానిలో డీజిలు, వంటగ్యాసు సిలిండర్లు ఉన్నవి. ముప్పదికి పైగా పడవలు కాలిపోయినవి. మంటలు అంటుకొన్న పడవ త్రాటిని కోసి నీటిలోనికి వదలగా, గాలియు ప్రవాహమును దానిని తిరిగి రేవునకే తెచ్చినవి. మన పడవ క్షేమము ప్రక్క పడవ వాని చేతిలో కూడ ఉన్నదని ఆ రాత్రి తెలిపినది.

క్రికెట్టు ఆట వలన మనకు పేరు తెలిసిన వెస్టిండీస్ దీవులలో ఈ విద్య మరింత ముదిరినది. కరేబియన్ సముద్రమున ఆటుపోటుల తేడా స్వల్పము. గాలి ఏడాదిలో అధికభాగము తూర్పు నుండి వీచును గనుక, దీవుల పడమటి వైపు అఖాతములలో సొంత పడవలు లంగరు వేసికొని నెలల తరబడి నిలుచును. అయినను జూను మొదలు నవంబరు వరకు తుపానుల కాలము. అప్పుడు మడ అడవుల నడుమ నున్న ఇరుకు పాయలలోనికి పడవలను నడిపి, చెట్ల మొదళ్ళకు నలువైపుల మోకులు కట్టుదురు. 1989లో హ్యూగో తుపానునకు వెరచి క్యూలెబ్రా దీవి అఖాతమున వందల కొలది పడవలు చేరినవి. కొన్ని తెగివచ్చి ఇతరములపై పడుటచే, ఆశ్రయమనుకొన్న తావే శిథిలముల రాశియైనది. 2004 సెప్టెంబరు 7న ఐవన్ తుపాను గ్రెనడాను తాకినపుడు ఒడ్డుననున్న పడవలును ఒకదానిపై నొకటి ఒరిగి విరిగినవి. తుపానులు అంతగా రాని దీవియని నమ్మి ఎందరో అచ్చట పడవలను వదలిపోయి యుండిరి. ఆ తరువాత ఒడ్డున గోతులు త్రవ్వి పడవ అడుగును అందులో దింపుటయు, నేలలో పాతిన కొక్కెములకు పట్టీలతో బిగించుటయు వ్యాప్తిలోనికి వచ్చినవి.

మడ అడవులు మనకును కలవు. గోదావరి మొగలో, కాకినాడకు దక్షిణమున కోరంగి యున్నది. ఒకప్పుడు అది ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపానును, ఉప్పెనయు దానిని పాడుచేసినవి. రేవు తిరిగి పూర్వవైభవమును పొందలేదు. మడ మాత్రము నేటికిని నిలిచియున్నది. అలల ఉద్ధృతిని తగ్గించు ఆ చెట్లను కొట్టివేయుట, పడవ కట్టుకొను గుంజను పెరికివేయుట వంటిదే.

ఈ మాటలు మెట్టప్రాంతపు వారికి కూడ పనికివచ్చును. హుస్సేన్ సాగరమున పందెములాడు తెరచాప పడవలను ఆట ముగియగనే ఒడ్డుకు లాగివేయుదురు. కృష్ణ నీటిలో పుట్టి నడుపు వాడు దానిని గట్టుపై బోర్లించి ఇంటికి పోవును. ఎండకు ఆరిన పుట్టి కుళ్ళదు, వరద వచ్చినను కొట్టుకొనిపోదు. ఒక్క మనిషి మోయగల పడవకు ఇంతకంటె మంచి రేవు లేదు. మన కోట్‌పల్లి జలాశయమున ఇటీవలి యేండ్లలో వినోదమునకై చిన్న పడవలు వచ్చినవి. చెరువు నీరు నిశ్చలముగా కనబడినను, కొండ మీది గాలి చెప్పి రాదు. పడవను చూపి రమ్మని పిలుచువానిని, అది నిన్న రాత్రి ఎక్కడ ఉన్నదో, దాని అడుగును ఎప్పుడు చూచినారో, ఎక్కువారికి తేలుడు చొక్కాలున్నవో లేవో అడుగుడు. పడవ క్షేమముగా నడుచుట, అది ఊరక నిలిచియున్నప్పుడు పొందిన శ్రద్ధ ఫలమే. ఆ ప్రశ్నలకు తడుముకొనక జవాబు చెప్పువాని పడవనే పిల్లలను ఎక్కింపుడు.