విమానానికీ ఒక జీవన ప్రమాణ పత్రం

(కొండాపూర్‌లో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బేగంపేట విమానాశ్రయంలో కమ్యూనికేషన్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ కొండాపూర్‌లో మనలో చాలామంది పిల్లలు విదేశాల్లోనే ఉన్నారు. మొన్న మా అబ్బాయి కుటుంబం అమెరికాకు తిరుగు ప్రయాణమైన రాత్రి మా ఆవిడ సెల్‌ఫోన్‌లో విమానం బొమ్మను చూస్తూ కూర్చున్నది. సముద్రం మీదికి వెళ్ళేసరికి ఆ బొమ్మ ఆగిపోయింది. "ఏమండీ, విమానం కదలటం లేదు!" అని నన్ను లేపింది. "ఆగింది విమానం కాదు, దాని కబురు మన ఫోన్‌కు అందటం" అన్నాను. ఆమె నమ్మలేదు. నిజం చెప్పాలంటే, పిల్లలు దిగి ఫోన్ చేసేదాకా నాకూ నిద్ర పట్టలేదు. అందుకే ఈ విషయం నలుగురికీ చెప్పాలనిపించింది.

రాడార్ నేలమీద నుంచి చూసే కన్ను. ఎంత ఎత్తున ఎగిరే విమానమైనా సుమారు 400 కిలోమీటర్లు దాటితే దానికి కనపడదు. కొండ అడ్డం వచ్చినా అంతే. సముద్రం మీద పైలట్ ఫలానా చోట ఉన్నానని రేడియోలో చెబితే కాగితపు పట్టీ మీద రాసుకోవటమే మా కాలపు పద్ధతి. కబురు రావలసిన వేళ దాటి అరగంటయితే "అనిశ్చిత దశ" ప్రకటించాలని నిబంధన. ఆ అరగంటలో జెట్ విమానం 450 కిలోమీటర్లు పోతుంది!

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళుతున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం 228 మందితో అట్లాంటిక్‌లో కూలింది. అది పది నిమిషాలకోసారి తన చోటు తెలుపుతూనే ఉంది. అయినా సముద్రం అడుగున శకలాలు దొరికింది 2011 ఏప్రిల్‌లో. అదీ ఆఖరి చోటుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలోనే!

అదే ఏడాది సెప్టెంబరు 2న మన బేగంపేట నుంచే బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో సంబంధం కోల్పోయింది. అందులో అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారితో సహా ఐదుగురు ఉన్నారు. వైమానిక దళం, పోలీసులు, అడవిలోని గిరిజనులు అందరూ వెతికినా మర్నాడు ఉదయం గాని పావురాలగుట్ట దగ్గర జాడ తెలియలేదు. ఆ రాత్రి రాష్ట్రమంతా మేలుకొనే ఉంది.

2014 మార్చి 8న మలేషియా విమానం 239 మందితో మాయమైంది. బయలుదేరిన 40 నిమిషాలకే దాని గుర్తింపు సంకేతం ఆగిపోయింది. తరువాత గంటల తరబడి ఉపగ్రహంతో సంబంధం ఉన్నా, ఆ సంకేతాలలో "ఎక్కడ" అన్నది లేదు. ప్రధాన శకలం నేటికీ దొరకలేదు.

ఆ తరువాతనే ప్రపంచం మేలుకొన్నది. మనం ఏటా నవంబరులో "బతికే ఉన్నాం" అని పత్రం ఇస్తాం కదా! అలాగే సముద్రాల మీద ఎగిరే పెద్ద విమానాల చోటు కనీసం 15 నిమిషాలకోసారి విమాన సంస్థకు తెలియాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన పెట్టింది. అది అమలయింది కూడా 2018 నవంబరులోనే! ఇక 2024 జనవరి 1 నుంచి తొలి ధ్రువపత్రం పొందే, 27,000 కిలోలు మించిన విమానాలు ఆపదలో పడితే పైలట్ మీట నొక్కకపోయినా నిమిషానికోసారి తమ చోటు తామే చెప్పాలి. ఇందువల్ల ప్రమాదం ఆగదు. కాని వెతకవలసిన మేర చిన్నదవుతుంది. గాయపడినవారికి గంటలు దక్కుతాయి, పోయినవారి ఇంటికి జవాబు దక్కుతుంది.

మరి మా ఆవిడ చూసిన బొమ్మ ఎందుకు ఆగింది? విమానం తన చోటును జీపీఎస్‌తో తెలుసుకొని క్షణక్షణం ప్రసారం చేస్తుంది. మన ఫోన్లకు ఆ కబురు ఎక్కువగా నేలమీది రిసీవర్ల నుంచే వస్తుంది. నడిసముద్రంలో రిసీవర్లు ఎక్కడివి? 2019 నుంచి 66 ఇరిడియం ఉపగ్రహాలు ఆ ప్రసారాన్ని ఆకాశంలోనే అందుకొని కంట్రోలర్లకు చేరవేస్తున్నాయి. మనకు కనపడకపోయినా, చూడవలసినవారు చూస్తూనే ఉంటారు. కనుక బొమ్మ ఆగితే కంగారు పడకండి.

అయితే నాకొక వెలితి ఉంది. నిమిషం నిబంధన పాత విమానాలకు లేదు, నల్లమలలో పోయినటువంటి హెలికాప్టర్లకూ లేదు. కొండల నడుమ తక్కువ ఎత్తున ఎగిరే వాటికే ఇది ఎక్కువ అవసరం. ఈ మాట పదిమందీ అడిగితేనే పైవారికి వినిపిస్తుంది.

చివరగా ఒక విన్నపం. మనలో ఒంటరిగా ఉంటున్నవారున్నారు. బొటానికల్ గార్డెన్‌లో ఉదయం నడకకు రోజూ వచ్చే మనిషి ఒకనాడు రాకపోతే, అరగంట ఆగి ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్ళి తలుపు తట్టండి. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే.